టీకా సూది, తల్లి ఒడి

1974లో జంషెడ్‌పూర్‌లో మశూచి విజృంభించింది. టాటానగర్ స్టేషనులో రైలెక్కిన ప్రయాణికులతోపాటు ఆ మహమ్మారి కూడా దేశంలోని పలుప్రాంతాలకు పయనించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్యుడు లారీ బ్రిలియంట్ అభ్యర్థనపై టాటా ఉక్కు సంస్థ తన వైద్యులను, వాహనాలను, సిబ్బందిని ఆ పోరాటానికి అప్పగించింది. ఇల్లిల్లూ వెదకి టీకాలు వేశారు. 1975 మే నెలతో భారతదేశంలో మశూచి అంతరించింది.

ఈ విజయగాథలో తక్కువగా వినిపించే ఘట్టం ఒకటున్నది. దానిని గ్రంథస్థం చేసినవారు బ్రిలియంట్ దంపతులే. దక్షిణ బిహారులో హో తెగకు చెందిన ఒక పెద్ద, వ్యాధి దైవేచ్ఛ అని నమ్మి టీకాకు సమ్మతించలేదు. ఒకనాటి రాత్రి టీకాలవారు వెదురు తలుపు తోసుకొని ఇంట్లో చొరబడ్డారు. ఆయనను నేలకు అదిమిపట్టి సూది గుచ్చారు. పెనుగులాటలో ఆయన భార్య ఒక వైద్యుని కొరికింది. అంతా ముగిశాక ఆ పెద్ద, పాదున మిగిలిన ఒకే ఒక్క దోసకాయను కోసి, ఆ వైద్యుని చేతిలోనే పెట్టాడు. ఇంటికి వచ్చినవాడు అతిథి గదా!

మృత్యువు గుమ్మంలో నిలిచిన రోజులవి. నేటి బిడ్డకు టీకా ముందుగా తెలిసిన తేదీన, తీరికగా పడుతుంది. అయినా బల్లమీద వెల్లకిల పడుకోబెట్టి, కాళ్ళూ చేతులూ అదిమిపట్టే అలవాటు చాలాచోట్ల పోలేదు. నాటి బలవంతానికి అత్యవసరమనే సాకైనా ఉండెను.

బిష్టుపూర్‌లోని టాటా మెయిన్ హాస్పిటల్‌కు వచ్చిన పసికందుకైనా, శ్రీకాకుళం పల్లెలోని పసికందుకైనా జాతీయ పట్టిక ఒక్కటే. పుట్టగానే బి.సి.జి.; ఆరవ వారంలో ఒకే రోజున మూడు సూదులు; పది, పద్నాలుగు వారాలకు మళ్ళీ; తొమ్మిది నెలలు నిండగానే తట్టు టీకా. ఇన్నిసార్లు సూది చూడవలసిన ప్రాణికి ఆ నొప్పిని తగ్గించడం గారాబం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో దీనిపై ప్రత్యేకంగా సూచనలు వెలువరించింది.

అందులో ముఖ్యమైన ఔషధం తల్లి ఒడి. బిడ్డను హత్తుకొని పట్టుకోవాలి. సూది వేసే సమయంలోనే పాలు పట్టవచ్చునా అని సంకోచించే తల్లులున్నారు, నిరభ్యంతరంగా పట్టవచ్చును. మూడేళ్ళు దాటిన పిల్లలను కూర్చోబెట్టాలి. ఒకటికి మించి సూదులున్నప్పుడు ఎక్కువ నొప్పి కలిగించేదానిని చివరకు ఉంచాలి. ముందుజాగ్రత్త పేరిట జ్వరం మందు పట్టడం అనవసరం.

మాట తెలిసిన పిల్లల విషయంలో మన ఇళ్ళలో జరిగే పొరపాటు వేరు. “అల్లరి చేశావంటే డాక్టరు చేత సూది వేయిస్తాను” అని ఏడాది పొడుగునా బెదిరించి, తీరా ఆ రోజున “అబ్బే, ఏమీ నొప్పి ఉండదు” అంటారు. ఆ రెండు మాటల్లో ఏది నమ్మాలి వాడు? చిన్న చురుకు అనిపిస్తుందని ముందే చెప్పి, కథో పాటో అందుకోవడం మేలు.

టీకా అయ్యాక అరగంట అక్కడే కూర్చోవాలి. ఒకటి రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడవచ్చు. జ్వరం హెచ్చితే డాక్టరును అడగాలి. బి.సి.జి. వేసిన చోట కొన్ని వారాలకు చిన్న పొక్కు లేచి, చితికి, మచ్చ పడుతుంది. దానికి పసుపు గాని, ఆకు పసరు గాని పూయరాదు.