బెజవాడ స్థలదర్శనము: మార్గదర్శకుని మాటయు శాసనపు మాటయు

ప్రాచీనస్థలములను జూడవచ్చిన వారికిఁ దోడుగా నడచి యాయాచోటుల కథలు చెప్పువారు నేఁడు క్రొత్తగాఁ బుట్టినవారు కారు. క్రీ.శ. 7వ శతాబ్ది పూర్వార్ధమునఁ గృష్ణాతీరమునకు వచ్చిన చీనా యాత్రికుఁడు హ్యూన్‌సాంగు, ధాన్యకటకదేశమున విహారములు పెక్కులు పాడువడినవనియు, నిలిచియున్నవి సుమా రిరువది యనియు వ్రాసెను. భావవివేకుఁడను పండితుఁడు మైత్రేయబుద్ధుని రాకకై యొక కొండచఱియలోని యసురభవనమునఁ జొచ్చి వేచియున్నాఁడను కథనుగూడ నాతఁడే వ్రాసెను. మొదటిది కన్నది, రెండవది యచటివారు చెప్పఁగా విన్నది. రెండును విలువగలవే కాని, రెండింటి విలువయు నొక్కటి గాదు.

విజయవాడకు వచ్చు యాత్రికులకును, పాఠశాలలనుండి గుంపులుగా వచ్చు బాలురకును జరుగు స్థలదర్శనమున నీ భేదము తఱచుగాఁ జెఱిగిపోవుచున్నది. ఒక్క పగటిలో నింద్రకీలాద్రి, అక్కన్న మాదన్నల గుహలు, మొగల్రాజపురము, ఏటి కావల నుండవల్లి, వీలైన నమరావతి, ఇన్నియుఁ జూపవలసిన మార్గదర్శకునకుఁ దీఱిక తక్కువ. కథ చెప్పుట సులభము, వినుట యింపు. అతనిని నిందింపఁ బనిలేదు. వెంటవచ్చిన యుపాధ్యాయుఁడు సయిత మూరకుండుటయే లోపము. బాలుఁడు కంటఁ జూచుచు విన్నమాట పుస్తకమునఁ జదివినదానికంటె లోఁతుగా నాటును. తప్పైనను నట్లే నాటును.

అక్కన్న మాదన్నల గుహలనే చూడుఁడు. ఆ సోదరులు గోలకొండ తుది సుల్తాను అబుల్ హసన్ తానీషాకు మంత్రులై యుండి 1686లో హతులైరి. ఇంద్రకీలాద్రి యడుగున నున్న గుహలో, 6, 7 శతాబ్దులనాఁటివని పరిశోధకుల తలంపు. మంత్రులు బెజవాడకు వచ్చినపు డచట విడిసిరని జనశ్రుతి గలదు. విడియుట వేఱు, తొలిపించుట వేఱు. రెండును గలిపి చెప్పినచో నించుమించు వేయేండ్ల కాలము చేజాఱి, విష్ణుకుండినుల, తొలి చాళుక్యుల నాఁటి శిల్పము ఔరంగజేబు కాలమున వచ్చి పడును. ఐనను నా పేరును ద్రోసివేయరాదు. తెలుఁగుదేశపు మంత్రుల నిద్దఱను బ్రజలు మఱవకుండుటకుఁ బట్టుకొన్న గుఱుతది. గుహకుఁ గాలనిర్ణయము చేయఁజాలదు గాని, ప్రజల మనస్సునకుఁ జేయును.

కొండమీఁది మాట యింతకంటె సున్నితమైనది. అర్జునుఁడు పాశుపతమునకై తపస్సుచేసిన యింద్రకీల మిదియే యనియు, విజయుని పేరనే విజయవాడ యయ్యె ననియు నిచటి విశ్వాసము. భారత వనపర్వమున నా తపస్సు హిమవత్ప్రాంతమునఁ జెప్పఁబడినది. భక్తునితో వాదింపఁ బనిలేదు. ఇది యిచటివారి విశ్వాసమని చెప్పినఁ జాలును. కాని, పేరు మాట వచ్చినపుడు చూపఁదగిన సాక్ష్య మొకటి చేరువనే కలదు. మల్లేశ్వరాలయముకడఁ గనుపట్టిన యుద్ధమల్లుని స్తంభశాసనము 10వ శతాబ్ది పూర్వార్ధమునాఁటిది. అందు ఊరి పేరు బెజవాడ యనియే యున్నది. కుమారస్వామికి గుడి యెత్తించి మఠము కట్టించిన సంగతియు, ఆ మఠమున గొరగలు దక్క నన్యులు విడియరాదను కట్టడియు దానఁ గలవు. ఇదంతయుఁ దెలుఁగు పద్యములలో నున్నది. జయంతి రామయ్యపంతులుగారు దీనిని బరిష్కరించి ప్రకటించిరి.

ఆ పద్యములు మధ్యాక్కరలు. పాదమునకు రెండింద్రగణములు, నొక సూర్యగణము, మరల నట్లే. యతి యైదవ గణపు మొదట. నన్నయ మధ్యాక్కరలందును యతి యిచటనే. తరువాతివారు దానిని నాలవ గణమునకు జరపిరి. నన్నయకుఁ దొల్లి తెలుఁగుపద్య ముండెనా యని తరగతిలో నడుగు బాలునకు, శాసనపాఠమును జేతికిచ్చి యిచటనే గణవిభజన చేయించినచోఁ బ్రత్యుత్తర మాతఁడే చెప్పుకొనును. బెజవాడలోఁ జూపఁదగినవానిలో దీనికి సాటి యైనది లేదు. స్థలదర్శనమున నిది వినవచ్చుట మాత్ర మరుదు.

ఉండవల్లిలోఁ గొండనే తొలిచి నాలుగంతస్తులుగా నిలిపిన గుహాలయమును జూచి బౌద్ధవిహార మనుట కలదు. విహారముగా మొదలై పిదప వైష్ణవాలయ మయ్యెనని కొందఱి యభిప్రాయము, అభిప్రాయముగానే చెప్పవలెను. లోపలి శయనమూర్తి యైన యనంతపద్మనాభుఁడు మాత్రము కన్నులయెదుట నున్నాఁడు. త్రోవలో బ్యారేజిని గాటను దొర కట్టినదనుకొనువారు కలరు. ఆ కాలపు టానకట్ట 1855లో ముగిసి 1952లో గండిపడినది. నేఁడు కనుపట్టు ప్రకాశం బ్యారేజి 1957 నాఁటిది.

అమరావతిలోఁ జిక్కు వేఱొకటి. అచటఁ జూపవలసినది లేదు. 1344 నాఁటి సింహళపు గడలాదెనియ శాసనము, ధర్మకీర్తి యను భిక్షువు ధాన్యకటకమునఁ బ్రతిమాగృహమును బాగుచేయించెనని తెలుపును. అంతవఱకును సముద్రము దాఁటి వచ్చి కొలిచినవా రుండిరి. తరువాత నది మఱపునఁ బడెను. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడు తన రాజధాని నిచటికి మార్చినపుడు దిబ్బలోని శిలలు కట్టడములకుఁ బోయినవి. 1797లో వచ్చి చూచిన మెకంజీ 1816లో మరల వచ్చి చిత్రములు వ్రాయించెను. 1845లో ఎలియట్టు త్రవ్వించిన ఫలకములు చెన్నపట్టణము చేరినవి. వానిలోఁ బెక్కులు లండనునకుఁ బోయి 1880 మొదలు బ్రిటిష్ మ్యూజియమున నున్నవి. కావున దిబ్బయొద్ద నిలిచి “ఇది మహాస్తూపము” అని చేయి చూపినచో వచ్చినవానికిఁ గనుపట్టునది గుండ్రని మట్టికట్టయు, విఱిగిన శిలలును మాత్రమే. దూరదేశములం దున్న ఫలకములలోఁ గొన్నింటిపై, ప్రాకారముతో, అండముతో, పూజించు జనముతో నా స్తూపమే నిండుగాఁ జెక్కఁబడినది. అట్టి ఫలకపుఁ బటమును మార్గదర్శకుఁడు వెంటఁ గొనిపోయి, దిబ్బ యెదుట నిలిచి, బాలుర చేతికి ముందుగా దాని నందీయవలెను.