పాత మోటారు సైకిలు దీపము వెలుగకున్నచో

చీకటి పడిన పిమ్మట పొలము నుండియో, సంత నుండియో ఇల్లు చేరవలసిన గ్రామస్థునకు నేడు మోటారు సైకిలే ముఖ్యవాహనము. ఈ వాహనములలో పెక్కు పాతవి, రెండు మూడు చేతులు మారినవి. ఇంజను నడచుచున్నంత కాలము దీపమును గూర్చి పట్టించుకొనువారు అరుదు. కాని దీపము లేని వాహనము ఎదుటివారికి కనబడదు. దారిప్రక్క నిలిపిన ట్రాక్టరు గాని, ఎడ్లబండి గాని దానిని నడుపువానికి కనబడదు. ఒక చిన్న తీగె ఊడిపోయినందున ఒక కుటుంబము పోషకుని కోల్పోవచ్చును.

సూర్యాస్తమయమైన అరగంట మొదలు సూర్యోదయమునకు అరగంట ముందువరకు వాహనముల దీపములు వెలుగుచుండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలు విధించుచున్నవి. 2017 ఏప్రిలు 1 నుండి తయారైన ద్విచక్ర వాహనములలో ఇంజను నడచునంతసేపు ముందు దీపము తనంతట తానే వెలుగును. అంతకు ముందటి వాహనములు మాత్రము స్విచ్చిపైననే ఆధారపడియున్నవి. కావున ఈ వ్యాసము ముఖ్యముగా వాటిని గూర్చినది.

మేము చెప్పదలచినది ఒక్కటే. దీపము వెలుగనపుడు బల్బును, స్విచ్చిని మార్చుటకు ముందు కరెంటు నడచు దారిని వరుసగా పరీక్షింపవలెను. చాలసార్లు లోపము కొత్త సామానుతో కాక, ఒక అతుకును శుభ్రపరచుటతో తీరును.

నగరములో కొనునపుడు

పాత వాహనముల కొరకు, విడిభాగముల కొరకు మన గ్రామములవారు హైదరాబాదునకు పోవుట పరిపాటి. పాతబస్తీ సందులలోని మరమ్మతు దుకాణములలో పాత బుల్లెట్టు, జావా, యెజ్డీ, రాజదూత్ వాహనములను ఇప్పటికిని బాగుచేయుచున్నారు. బుల్లెట్టు తయారీ మన దేశమున 1955లో మద్రాసునందు ప్రారంభమైనది. జావా 1961 నుండి మైసూరులో తయారైనది. ఆ కర్మాగారము 1996లో మూతపడినది. ఇట్టి వాహనములకు అసలైన స్విచ్చి దొరకుట సులభము కాదు. ఉన్నదానిని పాడుచేసికొనక కాపాడుకొనుటయే లాభము.

మరొక సంగతి గమనింపదగినది. 2020 అక్టోబరు 13వ తేదీన హైదరాబాదులో కురిసిన కుంభవృష్టికి పాతబస్తీలోని పెక్కు బస్తీలు నీట మునిగినవి. అల్ జుబైల్ కాలనీ వంటి చోట్ల ఇండ్లముందున్న వాహనములు సైతము మునిగిపోయినవి. నీట మునిగిన వాహనమునకు రంగు వేసినచో పైకి కొత్తదివలెనే కనబడును; కాని స్విచ్చిలలోను, అతుకులలోను చిలుము నిలిచియుండును. కావున ఏ ఊరిలో కొన్నను ముందు దీపపు గిన్నెను విప్పించి, లోని తీగెలను చూచిన పిమ్మటనే బేరము కుదుర్చుకొనవలెను.

కరెంటు నడచు దారి

బ్యాటరీ నుండి బయలుదేరిన కరెంటు మొదట ఫ్యూజును, తరువాత తాళపుచెవి స్విచ్చిని, దీపపు స్విచ్చిని, హ్యాండిలు మీది డిప్పరు స్విచ్చిని దాటి బల్బును చేరును. బల్బు నుండి వాహనపు ఇనుప చట్రము ద్వారా బ్యాటరీకి తిరిగిపోవును. ఈ తిరుగుదారినే మెకానిక్కులు ఎర్తు అందురు. రాకదారి బాగున్నను తిరుగుదారి చెడినచో దీపము వెలుగదు. చట్రమునకు రంగు వేయించినపుడు ఎర్తు తీగె క్రింద సైతము రంగు పడి, దీపము మందగించుట కలదు.

మిక్కిలి పాతవాహనములు 6 వోల్టులవి. తరువాతివి 12 వోల్టులవి. 6 వోల్టుల దీపమునకు చిలుము పరమశత్రువు. 24 వాట్ల బల్బు 12 వోల్టులపై 2 ఆంపియర్ల కరెంటును, 6 వోల్టులపై 4 ఆంపియర్లను తీసికొనును. అతుకులో చిలుము అర ఓము నిరోధమును కలిగించినదనుకొందము. 12 వోల్టుల బల్బునకు వోల్టేజిలో సుమారు పదమూడవ వంతు మాత్రమే నష్టము; 6 వోల్టుల బల్బునకు నాలుగవ వంతు నష్టము. వోల్టేజి నాలుగవ వంతు తగ్గినపుడు వెలుతురు సగమునకు మించి తగ్గిపోవును.

లోపమును గుర్తించు విధము

దీపములు, హారను అన్నియు ఒక్కమారుగా ఆగిపోయినచో ఫ్యూజును, బ్యాటరీ కొనలను, తాళపుచెవి స్విచ్చిని చూడవలెను. దూరపు వెలుగు వచ్చి దగ్గరి వెలుగు రానిచో బల్బులోని ఒక తీగె కాలియుండును, లేదా డిప్పరు స్విచ్చి చెడియుండును. బ్రేకు వేసినంతనే వెనుక దీపము మందగించినచో ఆ దీపపు ఎర్తు వదులైనదని తలంపవలెను. హ్యాండిలు త్రిప్పినపుడెల్ల ఫ్యూజు పోవుచున్నచో, మెడవద్ద తీగె ఒరసికొని పైతొడుగు చిరిగినదనుటకు అది గుర్తు. ఇంజను వేగముతో బల్బులు తరచు మాడిపోవుచున్నచో బ్యాటరీ అతుకును, రెగ్యులేటరును పరీక్షింపవలెను.

ఇంతటను తెలియనిచో టెస్టు లాంపును వాడవలెను. వాహనపు వోల్టులకు సరిపడు చిన్న బల్బునకు రెండు తీగెలు కలిపిన అదియే టెస్టు లాంపు. ఒక కొనను చట్రముపై రంగులేని చోట ఆనించి, తాళపుచెవిని, దీపపు స్విచ్చిని వేసియుంచి, రెండవ కొనను బ్యాటరీ మొదలుకొని పైన చెప్పిన వరుసలో ఒక్కొక్క అతుకుకు తాకింపవలెను. ఎచట వెలుగుట మానునో, దానికిని అంతకు ముందు వెలిగిన చోటికిని నడుమ లోపమున్నది. బల్బు హోల్డరువరకు వెలిగినను దీపము వెలుగనిచో, బల్బు మంచిదని చూచుకొని, దీపపు గిన్నె నుండి బ్యాటరీ ఎర్తు కొనకు వేరొక తీగె కలిపి చూడవలెను. దీపము ప్రకాశించినచో లోపము ఎర్తులోనిదే. కొన్ని వాహనములలో ముందు దీపమునకు కరెంటు బ్యాటరీ నుండి కాక ఇంజను నుండియే వచ్చును. వాటిని ఇంజను నడపుచు పరీక్షింపవలెను.

చేయవలసినది, చేయరానిది

శుభ్రపరచుటకు ముందు బ్యాటరీ ఎర్తు తీగెను విప్పవలెను; తిరిగి బిగించునపుడు దానిని చివరకు బిగింపవలెను. స్విచ్చిలోని ఇత్తడి ముక్కలను సన్నని గరుకు కాగితముతో తేలికగా రుద్ది, పొడిగుడ్డతో తుడువవలెను. బ్యాటరీ కొనలకు కొంచెము వాజలైను పూసినచో చిలుము త్వరగా పట్టదు.

ఫ్యూజు పోయినచోట సిగరెట్టు పెట్టెలోని వెండికాగితమునో, లావు రాగితీగెనో పెట్టువారు కలరు. ఇది మిక్కిలి ప్రమాదకరము. ఫ్యూజు కాలవలసినచోట తీగెలు కాలును. వాటికి పైననే పెట్రోలు ట్యాంకి యున్నది. తీగెలు తాకించి నిప్పురవ్వలు చూచుట కూడ అట్టిదే.

పంచాయతీ సభ్యులకు ఒక సూచన. వర్షాకాలమునకు ముందు ఒక సాయంకాలము ఊరిలోని మోటారు సైకిళ్లను పంచాయతీ కార్యాలయము ముందు నిలిపించి, తెలిసిన మెకానిక్కుచేత ముందు దీపము, వెనుక దీపము, బ్రేకు దీపము పరీక్షింపజేయుడు. దీనికి ఒక టెస్టు లాంపు, కొంత ఓపిక చాలును. వెనుక దీపమును నడుపువాడు చూడజాలడు గనుక దానిని ఇరుగుపొరుగువారే చూచి చెప్పవలెను. వీధిదీపములు వెలిగించుట పంచాయతీ బాధ్యతయైనట్లే, ఆ వీధిని దాటి చీకటి దారిలోనికి పోవువాని దీపమును గూర్చి హెచ్చరించుటయు గ్రామసేవయే యగును.