జొన్నాడ దాటితే లాకులు... పుస్తకం తెరిస్తే తాళం!

*ఒక ఇంగ్లీషు మాట గోదావరి డెల్టాలో ఎలా స్థిరపడింది? చైనావాళ్లకు అదే మాట ఎందుకంత చిక్కు?*

జొన్నాడ దగ్గర గౌతమి వంతెన ఎక్కి రావులపాలెంలో దిగి, "లొల్ల లాకులకు దారెటండీ?" అని అడగండి. "తిన్నగా ఎల్లిపోండి, ఆయ్" అంటూ ఎవరైనా చెయ్యెత్తి చూపిస్తారు. అదే మాటను ఇంగ్లీషు వాచకంలో 'లాక్' అని చూపించి బడిపిల్లల్ని అర్థం అడిగితే మాత్రం చటుక్కున వచ్చే జవాబు 'తాళం'. రోజూ బస్సులో లాకుల మీదుగా వచ్చే పిల్లలు కూడా ఆ రెండూ ఒకే మాటని అనుకోరు.

సంపాదకులు అప్పగించింది చిన్న పనే. మామూలు ఇంగ్లీషు మాట ఒకటి తీసుకుని, దానికున్న అర్థాలన్నీ చదువుకునే పిల్లలకు పనికొచ్చేలా గురువారానికల్లా రాసివ్వాలి. 'రన్', 'సెట్', 'గెట్' అంటూ వాళ్లే కొన్ని సూచించారు. కోనసీమ లాకులంటే నాకున్న ఇష్టంకొద్దీ 'లాక్' ఎంచుకున్నాను.

పాత ఇంగ్లీషులో ఈ మాటకు గడియ అనీ, మూసి ఉంచిన చోటు అనీ అర్థాలుండేవి. తలుపు తాళం మొదటి అర్థంలోంచి వచ్చింది. నీళ్లను మూసి ఉంచే చోటు కాబట్టి కాలువ మీది లాకు రెండోదానికి దగ్గర. పోలీసు లాకప్పు, బ్యాంకు లాకరు, మిల్లు లాకౌటు, 2020లో ఇళ్లలో కూర్చోబెట్టిన లాక్‌డౌన్ అన్నీ ఆ కుదురులోవే. పాతకాలపు తుపాకీలో మందు అంటించే భాగమూ లాకే. అందుకే 'లాక్, స్టాక్ అండ్ బ్యారెల్' అంటే తుపాకీ మొత్తం, మన మాటల్లో తట్టాబుట్టాతో సహా. కారు చక్రం ఇక తిరగనని మొరాయించే హద్దునూ లాక్ అనే అంటారు.

వీటన్నిట్లో నన్ను కదలనివ్వనిది నీటి లాకే. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా నేల వాలుతూ పోతుంది. కాలువ కూడా ఒకే వాలున పోతే నీటి ఉరవడికి పడవ ఎదురెక్కలేదు. అందుకని కాలువను మెట్లు మెట్లుగా దించారు. మెట్టు ఉన్నచోట రెండు జతల తలుపులు, నడుమ పడవ పట్టేంత గది. దిగువకు పోయే పడవ పైతలుపులోంచి గదిలోకి వస్తుంది. వెనక తలుపులు మూసి, కింది తలుపుల్లోని చిన్న తూములు ఎత్తుతారు. గదిలో నీరు నెమ్మదిగా దిగి, దానితోపాటు పడవా దిగి, కింది కాలువ మట్టానికి సమానమవుతుంది. అప్పుడుగానీ కింది తలుపులు తెరుచుకోవు. ఆ రెక్కలు తిన్నగా మూసుకోకుండా ఎగువకు మొన తేలి ఆనుకుంటాయి. నీరు ఎంత తోస్తే అంత బిగుస్తాయి. ఇంజను లేదు, కరెంటు లేదు. కాలువ పనివాడైన లస్కరు భుజబలం, నీటి బరువు చాలు.

ఇక చైనా. అక్కడ ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లకు 'లాక్' అనగానే తోచేది 'స్వో', అంటే తలుపు తాళం. కాలువ లాకుకు వాళ్ల మాట వేరు: 'చ్వాన్‌జా', పడవల తూము. కాబట్టి 'పడవ లాకులోకి వెళ్లింది' అనే వాక్యం ఎదురైతే, పడవ తాళంలో దూరడమేమిటని తికమకపడటం సహజం. కానీ రెండు తలుపుల నడుమ గది అనే ఊహ మనకు తెలిసినంతలో మొదట రూపం దాల్చింది చైనాలోనే! 984లో ఛ్యావ్ వెయ్‌యూవే అనే సరకు రవాణా అధికారి మహాకాలువ మీద దాన్ని కట్టించాడు. అంతకుముందు ధాన్యం పడవల్ని వాలుగట్టు మీదుగా తాళ్లతో ఈడ్చేవారు. పడవలు పగిలేవి. ఆ గందరగోళంలో ధాన్యం దొంగల పాలయ్యేది. ఆ దొంగతనాలు ఆపడానికి అతను 50 అంగలకు పైగా ఎడంతో రెండు తలుపులు పెట్టించి, పైన పెద్ద కప్పు వేయించాడు. ఇంత తెలివైన పనికి మూలం ధాన్యం బస్తాల మీద బెంగ అని చదివాక, వరి పండించే మన కాలువ గట్ల మీద నిలబడి ఆ మనిషిని తలుచుకోకుండా ఉండలేకపోయాను.

మన చరిత్ర గబగబా చెప్పుకుందాం. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852కు పూర్తయింది. సాగుకూ పడవలకూ కలిపే కాలువలు తవ్వారు. కాకినాడ నుంచి ఏలూరు, కృష్ణ, కొమ్మమూరు, బకింగ్‌హామ్ కాలువల మీదుగా మద్రాసు దాకా జలమార్గం ఉండేది. రైళ్లు, లారీలు వచ్చి పడవల్ని మింగేశాయి. 2008లో ఈ దారిని జాతీయ జలమార్గం-4గా ప్రకటించారు. డెల్టాలో లాకులు ఇప్పుడు ఎక్కువగా నీటి పంపకానికీ, సినిమా షూటింగులకూ గుర్తుకొస్తున్నాయి.

పేరొకటే, చుట్టరికం లేదు
ముంగురుల పాయను కూడా ఇంగ్లీషులో 'లాక్' అంటారు. దాని మూలం వేరే పాతమాట. పలుకుబడి కలిసిందంతే. మెడలోని లాకెట్టు మాత్రం దగ్గరి బంధువే, ఫ్రెంచి వాళ్ల 'చిన్న గడియ' మీదుగా వచ్చింది.

మనకూ ఉన్నాయి
తెలుగు నేర్చుకునే చైనా విద్యార్థికి 'తాళం వేశాడు' అనే మాట ఇచ్చి చూడండి. తలుపుకా, పాటకా? 'గడియ' అంటే తలుపుకు వేసేదా, 24 నిమిషాలా?

డెల్టా జనం ఇంగ్లీషు వాళ్ల దగ్గర ఈ మాటను వినికిడితోనే నేర్చుకుని, చివర ఒక ఉకారం చేర్చి, ఊరి గుర్తుగా నిలుపుకున్నారు. నిఘంటువులో దిగువన ఎక్కడో ఉండే అర్థం ఇక్కడి పిల్లలకు పుట్టుకతో తెలుసు. అలాంటి పిల్లలకు మనం 'లాక్ అంటే తాళం' అని ఒక్క ముక్క బట్టీ పట్టించడం నాకు నచ్చదు. కోనసీమ ఇంగ్లీషు మాస్టార్లు ఆ పాఠాన్ని లాకుల నుంచే మొదలుపెట్టాలి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు తీసుకెళితే ఇంకా మేలు. నీళ్లు దిగిపోయి, తలుపులు ఆనుకునే అడుగు గడప సైతం బయటపడుతుంది. ఆ గడప చూపించి తాళం, లాకప్పు, లాకరు వరసగా చెప్పవచ్చు.