ఛాయాచిత్ర గుణదోష విచారము – సహృదయుని కర్తవ్యము

కావ్యమునకు శ్రోత యెట్లో ఛాయాచిత్రమునకు ద్రష్ట యట్లు. కవి తన పద్యమును పదుగురికి వినిపింపక తృప్తి నొందడు. వేడుకకై చిత్రములు తీయువాడును వానిని పదుగురికి చూపింపక యూరకుండడు. నేడు చేతిలోని ఫోనే కెమేరా యగుటచే తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములందు ఈ వేడుక గలవారు ఊరూర నున్నారు. చిత్రములను పంచుకొనుట పెరిగినది. వానిని పరిశీలించి చెప్పు మాట మాత్రము పెరుగలేదు. ‘బాగున్నది’, ‘అద్భుతము’ అను రెండు మాటలతో విచారణ ముగియుచున్నది. ఈ లోపమును తీర్చుకొనుటకు మన యలంకారశాస్త్రము ఏ మేరకు తోడ్పడునో నిరూపించుట యీ వ్యాసోద్దేశము.

పరస్పర విమర్శ యీ ప్రాంతమునకు క్రొత్త గాదు. 1919లో తెనాలియందు తల్లావజ్ఝుల శివశంకరశాస్త్రిగారు సభాపతిగా సాహితీ సమితి యేర్పడినది. రేపల్లెలో న్యాయవాదవృత్తి నవలంబించిన నోరి నరసింహశాస్త్రిగారును అందు సభ్యులు. వృత్తులు వేరైనను అభిరుచి యొక్కటిగా గలవారిని అట్టి కూటములు ఒకచోటికి చేర్చినవి. ఛాయాచిత్రకారుల కూటములును ఆధునికములని తలపరాదు. మద్రాసునందు 1856లోనే ఛాయాగ్రాహకుల సంఘము స్థాపిత మయ్యెను.

ఇక శాస్త్రమును పరికింతము. కావ్యపరిశీలనాభ్యాసముచే అద్దమువలె నిర్మలమైన మనస్సు గలవాడే సహృదయుడని అభినవగుప్తుని యభిప్రాయము. అనగా సహృదయత్వము పుట్టుకతో వచ్చునది మాత్రమే కాదు, అభ్యాసముచే సిద్ధించునది. స్వల్పదోషమునైనను ఉపేక్షింపరాదని దండి హెచ్చరించెను. క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యమునకు ప్రాణమనెను. అభ్యాసము, దోషజ్ఞానము, ఔచిత్యము అను నీ మూడును చిత్రపరిశీలకునకు కూడ ఆవశ్యకములు.

దోషము నెరుగుట యన నేమి? సూర్యలంక తీరమున ఉదయవేళ తీసిన యొక చిత్రము మన యెదుట నున్న దనుకొందము. నింగియు నీరును కలియు గీత యొకవైపునకు ఒరిగినది. పడవ నల్లని ముద్దవలె నున్నది. ‘చిత్రము బాగులేదు’ అనుట విమర్శ కాదు, కారణము చెప్పవలెను. కెమేరా సామాన్యముగా దృశ్యమందలి వెలుగును సగటున లెక్కించి దానినిబట్టి లోనికి గ్రహింపవలసిన కాంతిని నిర్ణయించును. ఎదుట సూర్యుడును మెరయు నీరును ఉన్నప్పుడు ఆ సగటు పెరుగును. పడవకు చాలినంత కాంతి దక్కదు. కాంతిని కొంత హెచ్చించి తీయుటయో, సూర్యుని వీపువైపున నుంచుకొని తీయుటయో పరిహారము. పడవ నీడవలెనే కనబడవలెనని చిత్రకారుడు కోరినచో నది దోషము కాదు, గుణమే. కావుననే ముందుగా నాతని యుద్దేశము నడిగి తెలిసికొనవలెను.

బాపట్ల భావనారాయణస్వామి యాలయ గోపురమును దగ్గర నిలిచి కెమేరాను పైకెత్తి తీసినచో దాని యంచులు పైకి పోనుపోను లోనికి వాలినట్లు కానవచ్చును. అది గోపురము తప్పు గాదు. కెమేరా గోపురమునకు సమాంతరముగా లేకపోవుటచే కలిగినది. వెనుకకు జరిగి, కెమేరాను నిటారుగా పట్టినచో సరిపడును. దీనినిబట్టి మంచి విమర్శకు నాలుగు మెట్లు గలవని తేలుచున్నది: కనబడినదానిని వర్ణించుట, గుణమును గుర్తించుట, దోషమునకు హేతువు చూపుట, పరిహారము సూచించుట. ఇందు నాలుగవది లేనిచో మొదటి మూడును చిత్రకారునికి అక్కరకు రావు.

ఔచిత్యము వేరొక విషయము. రేపల్లె పొలములలో నాట్లు వేయు స్త్రీలను వారి యనుమతి లేక తీసిన చిత్రము ఎంత సుందరమైనను అనుచితమే. నిజాంపట్నము వైపు మడయడవులలో గూటి కడకు పోయి పక్షిని బెదరించి తీసినదియు నట్టిదే. ఇట్టి సందర్భమున వర్ణముల పొందికను మెచ్చుకొని యూరకుండుట సహృదయుని లక్షణము కాదు.

చిత్రము క్రింద వ్రాయు మాటయు పరిశీలింపదగినదే. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా యేర్పడినది. బాపట్ల, రేపల్లెలు అందు చేరినవి. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. కావున తేదీ లేని చిత్రమున ‘గుంటూరు జిల్లా, రేపల్లె’ అని యున్నచో నది పాతదో, పొరపాటో చెప్పుట కష్టము. 2004లో ఆరంభమైన వికీమీడియా కామన్సు నందు ఎవరైనను తమ చిత్రములను లోకోపయోగమున కీయవచ్చును. తెలుగు వికీపీడియా వ్యాసములలో అవి వాడబడుచున్నవి. అచట విశేషచిత్రముగా నెన్నికగుటకు 9 దినముల పరిశీలనము, కనీసము 7 అనుకూలాభిప్రాయములు, ప్రతికూలములకు రెట్టింపు అనుకూలములు ఉండవలెను. కాదనువారు కారణము చెప్పుట అచటి మర్యాద.

తుదకు నా యపరాధ మొకటి చెప్పుకొందును. కొన్ని యేండ్ల క్రిందట ఒక విద్యార్థి రేపల్లె దాపున నున్న తన తాతగారి పెంకుటింటి చిత్రములను నాకు చూపెను. అరుగుపై కూర్చున్న వృద్ధుని మొగము వెనుకటి యెండచే చీకటియై యుండెను. నాకది తోచకపోలేదు. అయినను నొప్పింపనేల యని ‘బాగున్నవి’ అంటిని. నెల తిరుగకముందే ఆ యిల్లు పడగొట్టబడినది. పటము కట్టింపబోయినప్పుడు గాని యా పిల్లవానికి లోపము తెలియలేదు. ‘మీరానాడే చెప్పియుండిన మరునాడే వెళ్లి తీసియుందును గదండీ’ యని మాత్రమే యతడనెను. మరల తీయుటకు ఇల్లు లేదు.

మెచ్చుకోలు దయ యనియు, దోషకథనము కాఠిన్యమనియు మనము భ్రమపడుచుందుము. సమయమునకు చెప్పిన దోషము చిత్రకారునికి మరియొక యవకాశము నిచ్చును. అందుచే ఇప్పుడు విద్యార్థులు చిత్రము చూపినపుడు, ‘ఈ చోటికి మరల పోగలవా?’ యని ముందుగా నడుగుచున్నాను. పోగలనన్నచో కనబడిన లోపము నాడే చెప్పుదును.