రెండో తాళంచెవి

డొంకరాయి జలాశయాన్ని విహారం కోసం కట్టలేదు. సీలేరు నది నీటిని నిలబెట్టి, పవర్ కెనాల్ మీదుగా పొల్లూరులోని 460 మెగావాట్ల దిగువ సీలేరు విద్యుత్ కేంద్రానికి పంపడం దాని పని. అయినా కొండలు చూడ్డానికి జనం వస్తారు. రుషికొండ బీచ్‌లో దిగినవాళ్లకైనా ఈ గట్టున నిలబడ్డవాళ్లకైనా బెంగ ఒకటే: ఫోను, పర్సు, మెడలో గొలుసు ఎక్కడ పెట్టాలి? బ్యాగులో పెట్టి తాళం వేస్తాం. (డొంకరాయిలో అసలు నీళ్లలోకి దిగకపోవడమే మేలు.)

ఆ తాళం మూలం ప్రాచీన ఈజిప్టులో ఉంది. అక్కడి చెక్క గడియలోకి పుల్లలు జారి పడి దాన్ని కదలనిచ్చేవి కావు. అమెరికాకు చెందిన లైనస్ యేల్ జూనియర్ 1860లలో దాన్నే చిన్న సిలిండరులో ఇమిడ్చాడు. లోపల ఐదు పిన్నులు, ఒక్కోటీ రెండు ముక్కలు. సరైన తాళంచెవి దూరిస్తే ఐదు పిన్నుల అతుకులూ ఒకే గీత మీదికొచ్చి సిలిండరు తిరుగుతుంది. ఒక్కో పిన్నుకు ఆరు ఎత్తులుంటే 7,776 రకాల చెవులు చేయొచ్చు. మన దగ్గర అర్దేశిర్ గోద్రెజ్ 1897లో బొంబాయిలో తాళాల తయారీ మొదలుపెట్టాడు.

పగలని తాళమంటూ ఉందా? లండన్‌లో బ్రామా కంపెనీ తన తాళం తీసినవారికి 200 గినీలు ఇస్తామని దశాబ్దాల తరబడి సవాలు విసిరింది. 1851లో హాబ్స్ అనే అమెరికన్ 16 రోజుల్లో 51 గంటలు కూర్చుని తీసేశాడు. నా లెక్కలో అది తాళం గెలుపే. మన గదిలో అంతసేపు కూర్చునే దొంగ ఎవడు?

అసలు చిక్కు హోటళ్లతో వచ్చింది. అతిథి చెవి అతిథిదే, కానీ అన్ని గదులూ తెరిచే చెవి ఒకటి యాజమాన్యానికి కావాలి. అందుకని ప్రతి పిన్నునూ ఇంకోచోట కోశారు. ఐదు పిన్నులకూ రెండేసి ఎత్తులు కుదిరితే ఆ తాళం రెండు చెవులకు కాదు, 32 రకాల చెవులకు తెరుచుకుంటుంది. ఒక గది చెవి, దాని తాళం చేతిలో ఉంటే మాస్టర్ చెవిని రాబట్టవచ్చని మాట్ బ్లేజ్ అనే పరిశోధకుడు 2003లో చూపించాడు.

సూట్‌కేసులదీ అదే కథ. విమానాశ్రయ తనిఖీ సిబ్బంది తెరవడానికి అమెరికాలో తెచ్చిన తాళాల మాస్టర్ చెవుల ఫొటో 2014లో పత్రికకెక్కింది. మరుసటేడు వాటి నకళ్లు త్రీడీ ప్రింటర్లలో తయారయ్యాయి. మూడంకెల నంబరు తాళమైతే ఫొటో కూడా అక్కర్లేదు: ఉన్నవి వెయ్యి సంఖ్యలే, ఒక్కోదానికి రెండు సెకన్లు వేసుకున్నా అరగంట పైచిలుకు చాలు.

హోటల్ గదిలోని ఎలక్ట్రానిక్ లాకరు అంకెలు సరిపోతేనే మోటారుతో గడియ జరుపుతుంది. అతిథి అంకెలు మరిచిపోతే తెరవడానికి హోటల్‌కు వేరే కోడ్ ఉంటుంది. ఫ్యాక్టరీలో పెట్టిన ఆ కోడ్‌ను కొన్నిచోట్ల మార్చకుండానే వదిలేస్తారు. కాబట్టి గదిలోకి వెళ్లగానే ఖాళీ లాకరును మీ అంకెలతో మూసి, ఆరు సున్నాలు కొట్టి చూడండి. తెరుచుకుంటే నగలు రిసెప్షన్‌లో రసీదు తీసుకుని అప్పగించండి. డొంకరాయికైతే బంగారం తీసుకెళ్లకండి.