హలాల్ అన్న పేరు చాలదు

2018 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు హీరా గ్రూపు అధినేత్రి నౌహెరా షేక్‌ను అరెస్టు చేసినప్పుడు ఆ వార్త ఎన్నో ముస్లిం ఇళ్ల మీద పిడుగులా పడింది. తిరుపతిలో బాలికల మదరసా నడిపిన మహిళ ఆమె. వడ్డీ లేని పెట్టుబడి, బంగారం వ్యాపారం, హలాల్ లాభం అన్న మాటలు విని జనం నమ్మారు. ఏటా 36 శాతానికి పైగా లాభం ఇస్తామని చెప్పి సుమారు 1,72,000 మంది నుంచి 5,600 కోట్ల రూపాయలకు పైగా సేకరించారని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఆరోపణ. ఆమె దానిని ఖండిస్తూ వచ్చారు. దోషిత్వం తేల్చవలసింది న్యాయస్థానాలే. ఆ పని మాది కాదు. మమ్మల్ని కలతపెట్టేది వేరొకటి. 36 శాతం అన్న అంకె విన్ననాడే మన ఇళ్లలో అనుమానం ఎందుకు పుట్టలేదు?

మరుసటి సంవత్సరమే బెంగళూరులో ఐఎంఏ సంస్థ కూలింది. 2019 జూన్‌లో దాని అధిపతి మన్సూర్ ఖాన్ దుబాయ్‌కి వెళ్లిపోయి, జూలైలో ఢిల్లీ విమానాశ్రయంలో పట్టుబడ్డారు. అక్కడ కూడా ప్రచారం హలాల్ పెట్టుబడి పేరుతోనే సాగింది.

ఫిఖ్హ్ గ్రంథాలలో ముదారబా అనే వ్యాపార ఒప్పందం ఉంది. ఒకరిది సొమ్ము, మరొకరిది శ్రమ. లాభం వస్తే ముందుగా ఒప్పుకున్న వాటా ప్రకారం, సగం సగమో, మూడింట ఒక వంతో పంచుకుంటారు. నష్టం వస్తే సొమ్ము పెట్టినవాడు సొమ్మును, శ్రమించినవాడు శ్రమను కోల్పోతాడు. లాభంలో వాటాను నిర్ణయించుకోవచ్చు గాని, పెట్టిన సొమ్ముపై ఇంత మొత్తం తప్పక వస్తుందని ముందే ఖాయం చేయడం చెల్లదు. మదరసాలో ఈ పాఠం చదివిన ప్రతి విద్యార్థికీ ఇది తెలుసు. కనుక లక్ష రూపాయలకు నెలకు మూడు వేలు గ్యారంటీ అని ఎవరైనా అన్నారంటే, వారి దుకాణం చూడనక్కరలేదు, పుస్తకాలు తిరగేయనక్కరలేదు. ఆ వాగ్దానమే అది హలాల్ కాదని చెబుతోంది. మొదటి కొన్ని నెలలు లాభం సక్రమంగా చేతికి అందవచ్చు. వెనుక చేరినవారి సొమ్మే ముందు చేరినవారికి లాభంగా వస్తూ ఉంటుంది. దానిని చూపించి మనమే మన బావమరిదిని, పక్కింటి ఆపాను చేర్పిస్తాము.

సాటి ముస్లింను శంకించడం బద్‌గుమానీ కాదా అని కొందరు పెద్దలు అడుగుతుంటారు. మహాప్రవక్త (సఅసం) మదీనా బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి చూశారని, లోపల తడి తగిలితే అమ్మేవాడిని నిలదీశారని సహీహ్ ముస్లింలో ఉంది. అమ్మేవాడు మనవాడే కదా అని పైపైన చూసి వెళ్లిపోలేదు. దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు అప్పును వ్రాసి పెట్టుకోవడం గురించి, సాక్షులను నిలుపుకోవడం గురించి. అది విశ్వాసులను సంబోధించి చెప్పినదే.

నేటి రాశిలోకి చేయి పెట్టడం ఎలాగో చెప్పుకుందాం. కంపెనీగా నమోదైన కాగితం, జీఎస్టీ సర్టిఫికెట్ చూపించి చాలామంది నమ్మిస్తారు. కంపెనీ నమోదు వేరు, ప్రజల నుంచి డిపాజిట్లు సేకరించే అనుమతి వేరు. అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో పార్లమెంటు చట్టం చేసింది. రిజర్వు బ్యాంకు ‘సచేత్’ అనే పోర్టల్‌లో అటువంటి సంస్థలపై ఫిర్యాదు చేయవచ్చు.

హలాల్ పేరుతో వచ్చేవాడు మన విశ్వాసాన్ని పట్టుకుంటాడు. ఫోనులో వచ్చేవాడు మన భయాన్ని పట్టుకుంటాడు. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్, జడ్చర్లలో ఇంటి మగవారు గల్ఫ్‌లో ఉండి, ఖాతా, ఫోను, పిల్లలు అన్నీ ఇల్లాలి చేతిలో ఉన్న కుటుంబాలు ఉన్నాయి. మీ పేరిట వచ్చిన పార్సిల్‌లో మత్తుమందు దొరికింది, మీ ఖాతా మీద కేసు ఉంది అంటూ పోలీసు దుస్తుల్లో ఒకడు వీడియో కాల్‌లోకి వస్తాడు. కాల్ కట్ చేయకు, ఎవరికీ చెప్పకు అంటాడు. ఆ రెండో మాటను గుర్తుపెట్టుకోవాలి. పక్క గదిలో అత్తగారికి చెబితే చాలు, వాడి పని చెడుతుంది. డిజిటల్ అరెస్టు అనేది మన దేశపు ఏ చట్టంలోనూ లేదు. ఏ పోలీసూ, ఏ న్యాయమూర్తీ వీడియోలో డబ్బు అడగరు.

పెళ్లి పత్రిక అనో, వాహన చలానా అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును తెరవకూడదు. తెరిస్తే ఫోను వాడి చేతిలోకి పోవచ్చు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ ఎన్నడూ అక్కరలేదు.

సొమ్ము పోయిందని తెలిసిన నిమిషమే 1930 నంబరుకు ఫోన్ చేయాలి, బ్యాంకుకు కూడా చెప్పాలి. సొమ్ము ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు జారిపోయేలోగా దారిలో నిలిపివేయడానికే ఈ ఏర్పాటు. ఆలస్యమైతే నగదుగా తీసేసుకుంటారు. రిజర్వు బ్యాంకు 2017 ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారు తప్పు గాని బ్యాంకు తప్పు గాని లేకుండా బయటివారి వల్ల మోసం జరిగితే, మూడు పనిదినాలలోపు తెలియజేసిన ఖాతాదారుకు నష్టం ఉండదు. ఓటీపీ మనమే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం మనదే. తెలియజేసిన తరువాత జరిగేది బ్యాంకుది. ఏది ఎలా ఉన్నా, మియాఁకు తెలిస్తే ఏమంటాడో అని రెండు రోజులు దాచిపెట్టడమే అన్నిటికన్నా నష్టం. సౌదీలో, దుబాయ్‌లో ఉన్న భర్తలకు మా విన్నపం ఒక్కటే: ఆ ఫోన్ వచ్చినప్పుడు మొదటి మాటగా తిట్టకండి. 1930కి చెప్పావా అని అడగండి.

యువకుల సంగతి కూడా చెప్పాలి. ఖాతాను, సిమ్‌ను అద్దెకిస్తే కొన్ని వేలు ఇస్తామంటారు. ఎవరి నుంచో దోచిన సొమ్ము ఆ ఖాతా గుండానే పోతుంది, పోలీసులు మొదట ఆ ఖాతాదారు ఇంటికే వస్తారు. నేను ఏమీ చేయలేదు, ఖాతా మాత్రమే ఇచ్చాను అనేది అక్కడ పనికిరాదు, షరీఅత్‌లోనూ పనికిరాదు. వలస పాలమూరుకు కొత్త కాదు. కాని డేటా ఎంట్రీ ఉద్యోగమని కంబోడియాకు, మయన్మార్‌కు తీసుకెళ్లి, అక్కడ బంధించి ఈ మోసపు ఫోన్‌లే చేయించిన ఉదంతాలలో తెలంగాణ పిల్లలూ ఉన్నారు. విదేశీ ఉద్యోగం ఇప్పిస్తానన్న ఏజెంటు ప్రభుత్వం వద్ద నమోదై ఉన్నాడో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలకు పంపుతుంది.

ఇక మస్జిద్ కమిటీలకు, మా సాటి ఉలమాకు ఒక మాట. పెట్టుబడి పథకాలవారు మొదట వెతికేది ఒక గడ్డాన్ని, ఒక టోపీని, జుమా తరువాత ఒక ప్రకటనను. ఏ పథకం కరపత్రాన్నీ మస్జిద్ ఆవరణలో పంచనీయవద్దు. కమీషన్ ఇస్తామన్నవారిని గుమ్మం దగ్గరే పంపించివేయండి. నమాజు వేళల పలక పక్కన ఖాళీ ఉంటుంది కదా, అక్కడ పెద్ద అక్షరాలతో 1930 అని వ్రాయించండి. ఆడవాళ్ల ఇజ్తిమాలో కూడా ఆ నంబరును గట్టిగా చదివి, వారి ఫోన్లలో అక్కడికక్కడే ఎక్కించండి.