తాళం మనది, చెవి ఎవరిది?

ఢిల్లీలో పాత్రికేయుడు ఇల్లు మారడమంటే పాత కాగితాల కట్టలతో పాటు పాత భ్రమలను కూడా మూటగట్టుకొని పోవడమే. ఈమధ్య అటువంటి ప్రయాణానికి సామాను సర్దుతూ ఉండగా, లోక్‌సభ బులెటిన్ల అడుగున నల్లని బ్లాక్‌బెర్రీ ఫోను ఒకటి దొరికింది. ‘కర్వ్’ అని దాని రకం పేరు. 2008 ఆరంభంలో కొన్నది. అరచేతిలో ఇమిడే ఆకారం, దానిమ్మగింజల్లా వరసగా పేర్చిన మీటలు, నడుమ ముత్యమంత గోళీ. ఛార్జరు తగిలిస్తే మూలనున్న ఎర్రదీపం ఒకసారి మెరిసింది. అంతకు మించి అది చేయగలిగినదీ లేదు. 2022 జనవరి 4తో ఆ తరం ఫోన్లకు తన సేవలను కంపెనీయే ఉపసంహరించుకున్నది.

నేటి యువ పాఠకులకు ఈ పరికరం ఘనత చెప్పినా నమ్మకం కలగకపోవచ్చు. ఆనాటికి ఈ-మెయిలు చూడాలంటే మనిషి కంప్యూటరు దగ్గరికి పోవలసిందే. పార్లమెంటులో విన్నది పత్రికకు చేరవేయాలంటే రఫీ మార్గ్‌లోని ఐ.ఎన్.ఎస్. భవనానికి పరుగెత్తవలసిందే. ఈ ఫోను వచ్చాక ఉత్తరమే మన జేబును వెదుక్కుంటూ వచ్చేది. రెండు బొటనవేళ్లతో, నడుస్తూనే, నాలుగు వందల మాటల వార్త పంపగలిగేవాళ్లం. పత్రికల గ్యాలరీలో ఫోను వాడరాదన్న నిబంధన ఉన్నది కనుక, సభలో గొడవ మొదలుకాగానే బయటికి వచ్చి, రాతిస్తంభానికి ఆనుకొని మీటలు నొక్కుతూ నిలబడిన విలేకరుల వరస ఆ సంవత్సరాలలో పార్లమెంటు వరండాలకు ఒక అలంకారంగా ఉండేది. బ్యాటరీ రెండు రోజులు వచ్చేది. ఢిల్లీ దుమ్ము చేరి గోళీ తిరగడం మానేస్తే చొక్కా అంచుతో తుడుచుకొనేవాళ్లం.

2009 డిసెంబరు 9 రాత్రి, అర్ధరాత్రికి కాస్త ముందు, నాటి హోంమంత్రి చిదంబరం తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియను ప్రారంభిస్తామని ప్రకటన చదివినప్పుడు, హైదరాబాదులో మొదటి పేజీలు అప్పటికే అచ్చుకు సిద్ధమై ఉన్నాయి. ఆ చిన్న ప్రకటనను మక్కీకి మక్కీగా పంపించింది ఈ మీటల మీదనే. నా ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో ఏ పరికరమూ అంత త్వరగా, అంత నమ్మకంగా నాకు పని చేసిపెట్టలేదు.

అయితే ఒక మాట దాచకూడదు. తెలుగు పత్రిక కోసం తిరిగే ఆ ఫోనుకు తెలుగు రాదు. దాని ఒక్కదానికే కాదు, ఆ కాలపు చేతి ఫోన్లలో చాలావాటిది అదే సంగతి. 1991 నుంచి యూనికోడ్‌లో తెలుగు లిపికి స్థానమున్నా, మన పత్రిక పేరు తెరమీద ఖాళీ గళ్ల వరసగా కనిపించేది. ఓపెరా మినీ అనే బ్రౌజరులో ఒక రహస్యపు అమరిక మార్చుకుంటే అక్షరాలు బొమ్మలుగా మారి వచ్చేవి. ఈ కిటుకును ఢిల్లీలోని తెలుగు విలేకరులం ఒకరికొకరం మంత్రోపదేశంలాగా చెవిలో చెప్పుకొన్నాం. చదవడం అలా గడిచింది గాని రాయడం గడవలేదు. వార్తలన్నీ ఇంగ్లీషు లిపిలో తెలుగు మాటలుగా పంపడమే. దకారానికీ డకారానికీ ఒకే అక్షరం. లకారానికీ ళకారానికీ ఒకే అక్షరం. ‘మంత్రి గదిలో సమావేశం’ అని నేను పంపిన వాక్యం ఒక ఎడిషనులో ‘మంత్రి గడిలో సమావేశం’ అని అచ్చయింది. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న ఆ రోజులలో దొరల గడీలను తలపించే ఆ మాటకు వ్యంగ్యార్థం వెతికి నన్ను అభినందించిన పాఠకులు కూడా ఉన్నారు! ఆ అభినందనలను నేను ఖండించనూ లేదు. తరువాతి తరం ఫోన్లు తెలుగు నేర్చినా మన లిపి వాటిని వెంటనే వదిలిపెట్టలేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న ఒక్క తెలుగు అక్షరాన్ని చూపలేక ప్రపంచమంతటా ఐఫోన్లలోని సందేశాల యాప్‌లు కుప్పకూలాయి. జ్ఞానానికి మొదటి అక్షరం అది.

ఇక అసలు సంగతికి వస్తాను. నేను ఆ ఫోను కొన్నది వేగం కోసం మాత్రమే కాదు, గోప్యత కోసం. అందులో పంపిన సందేశం గూఢలిపిలో పోతుందనీ, మధ్యలో ఎవరూ చదవలేరనీ రాజధానిలో అందరి నమ్మకం. మంత్రుల ఆంతరంగికులు, కార్యదర్శులు, కంపెనీల దళారులు, వారి వెంట తిరిగే విలేకరులు అందరూ ఆ మెసెంజరు మీదనే గుసగుసలాడుకొనేవారు. ఒక మంత్రిత్వశాఖలో మధ్యస్థాయి పదవిలో ఉన్న తెలుగు అధికారి ఒకరు, టెలిఫోనులో వాతావరణం గురించి తప్ప మాట్లాడని మనిషి, ఈ మెసెంజరులో మాత్రం ఫైళ్ల నడకను పూసగుచ్చినట్లు చెప్పేవారు. తాళం గట్టిదని ఆయనకు నమ్మకం. ఆ నమ్మకం కలిగించినవాణ్ణి నేనే.

తాళం సంగతి తరువాత తెలిసింది. ఆ కంపెనీ అమ్మిన తాళాలు రెండు రకాలు. పెద్ద సంస్థలు తమ సొంత సర్వరు పెట్టుకొని వాడే వ్యవస్థలో చెవి ఆ సంస్థ చేతిలోనే ఉంటుంది; తమ దగ్గర నకలు చెవి లేదని కంపెనీ పదేపదే ప్రకటించింది. మావంటి సామాన్య చందాదారుల మెసెంజరు సంగతి వేరు. అందులోని సందేశాలను మూసిన చెవి ప్రపంచంలోని ఫోన్లన్నిటికీ ఒక్కటే. రైలుపెట్టెల తలుపులన్నిటికీ ఒకే చెవి ఉన్నట్లు, అది దొరికిన వాడికి అన్నీ తెరుచుకుంటాయి. గోప్యత ఎంతో అవసరమైన మనిషికి నేను చూపించింది ఈ తాళాన్ని!

2010 ఆగస్టులో కేంద్ర హోంశాఖ రంగంలోకి దిగింది. అంతకు రెండేళ్ల క్రితం ముంబయి మీద దాడి చేసిన ముష్కరులకు సరిహద్దు అవతలి నుంచి ఇంటర్నెట్ ఫోనుమీద ఆదేశాలు అందిన తీరు అందరికీ గుర్తున్నది. కనుక భద్రతాసంస్థల ఆందోళనను అపహాస్యం చేయడానికి వీలులేదు. ఆగస్టు 31లోగా సందేశాలు చదివే మార్గం చూపకపోతే సేవలు నిలిపివేయిస్తామని ప్రభుత్వం గడువు విధించింది. దేశంలో ఆనాటికి ఆ ఫోన్లు సుమారు పది లక్షలు. గడువు ముగిసే ముందురోజు మరో అరవై రోజులు పొడిగించారు. అరబ్బు ఎమిరేట్లు కూడా అక్టోబరు 11 నుంచి నిషేధమని హెచ్చరించి, మూడు రోజుల ముందు వెనక్కి తీసుకున్నాయి. చివరకు 2011 జనవరి నాటికి మెసెంజరు సందేశాలను చూసే మార్గాన్ని కంపెనీ మన ప్రభుత్వానికి సమకూర్చింది. పెద్ద సంస్థల చెవి మాత్రం తన దగ్గర లేదన్నది. ఫలితమేమిటంటే బడా సంస్థల తాళం చెక్కుచెదరలేదు. ఆ అధికారిదీ నాదీ తెరుచుకున్నాయి.

తాళాన్ని తెరిచే సాధనానికి మన పూర్వులు ‘చెవి’ అని ఎందుకు పేరు పెట్టారో గాని, ఇక్కడ మాత్రం రెండు చెవులూ ఒకటే అయ్యాయి.

ఈ వ్యవహారమంతటినీ మేము ఏ విధంగా రాశాము? గడువులు, బెదిరింపులు, రాయబారాలు, కంపెనీ వాటా ధర: ఒక క్రీడావార్త రాసినట్లు రాశాము. ఏ చట్టం ప్రకారం అడుగుతున్నారని అడిగినవారు తక్కువ. నా విషయంలో దీనికి కారణం సిగ్గుపడవలసినది. ఆ చట్టం పుట్టిన రోజున నేను గ్యాలరీలోనే ఉన్నాను.

2008 డిసెంబరు 22. వేరే వివాదం మీద లోక్‌సభ అట్టుడుకుతున్నది. ఆ గందరగోళం నడుమ కొన్ని బిల్లులు చర్చ లేకుండా నిమిషాల మీద ఆమోదం పొందాయి. సమాచార సాంకేతిక చట్ట సవరణ బిల్లు అందులో ఒకటి. మరునాడు రాజ్యసభ కూడా సరేనన్నది. దాని 69వ సెక్షను కంప్యూటరు ద్వారా సాగే ఏ సమాచారాన్నయినా అడ్డగించి, గూఢలిపి విప్పించి చదివే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. సహకరించని వారికి ఏడేళ్ల వరకు జైలు. ఆ బిల్లుతోనే వచ్చిన 66-ఎ సెక్షను ఎందరిని ఇబ్బంది పెట్టి, 2015 మార్చిలో సుప్రీంకోర్టు చేతిలో అంతమైనదో పాఠకులకు తెలుసు. ఆ రాత్రి నేను పంపిన వార్తలో ఈ బిల్లుకు దక్కినవి రెండు వాక్యాలు. గొడవకు దక్కినవి ముప్పయి.

పాత టెలిగ్రాఫు చట్టాన్ని పక్కన పెట్టుకొని చూస్తే తేడా తెలుస్తుంది. 1885లో పరాయి ప్రభుత్వం చేసిన ఆ చట్టాన్ని పొగడవలసిన అగత్యం ఎవరికీ లేదు. అయినా దాని అయిదవ సెక్షను ప్రకారం సందేశాన్ని అడ్డగించాలంటే ముందుగా అత్యవసర పరిస్థితి గాని, ప్రజాభద్రతకు సంబంధించిన అవసరం గాని ఉండాలి. 1996లో సుప్రీంకోర్టు కూడా ఈ షరతును గట్టిగా నొక్కి చెప్పింది. అంతేకాదు, ప్రభుత్వ గుర్తింపు పొందిన విలేకరులు భారతదేశంలో ప్రచురణకై పంపే వార్తా సందేశాలను, వాటిని ప్రత్యేకంగా నిషేధిస్తే తప్ప, అడ్డగించరాదన్న మినహాయింపు కూడా అందులో చేరి ఉండేది. 69వ సెక్షనులో ఆ ముందు షరతూ లేదు, ఈ మినహాయింపూ లేదు. ఏ నేరపరిశోధనకైనా దానిని వాడవచ్చు. అనగా, తంతి కార్యాలయంలో ఇచ్చిన నా వార్తకు ఉన్న రక్షణ, బొటనవేళ్లతో పంపిన అదే వార్తకు లేకుండా పోయింది. 2013 జూలైలో తంతి సేవ మూతపడినప్పుడు మేమంతా కన్నీటి వ్యాసాలు రాశాము. దానితో పాటు మూలబడిన ఆ మినహాయింపు గురించి నేను ఒక్క మాట రాయలేదు.

2011లో ఆ అధికారి మెసెంజరులో కనిపించడం మానేశారు. అక్టోబరులో కంపెనీ వ్యవస్థలో ఒక స్విచ్ చెడిపోయి, దానికి బదులు పనిచేయవలసినది పనిచేయక, ఐరోపా నుంచి భారతదేశం దాకా మూడు నాలుగు రోజులు ఈ ఫోన్లు మూగపోయాయి. మన జేబులోని రహస్యం ఎక్కడెక్కడ తిరిగి వస్తున్నదో ఢిల్లీకి అప్పుడు తెలిసివచ్చింది. ఆ వారంలోనే ఆయన అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీనులో ఎదురుపడ్డారు. పప్పులో నెయ్యి కలుపుకొంటూ, తల ఎత్తకుండా, “గురువుగారూ, ఫోను బాగయినా నాకేమీ పంపకండి. పని ఉంటే ఇక్కడికి వద్దాం. ఇక్కడి గోలలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు” అన్నారు. ఆయనకు హాని జరిగిందా అని అడిగాను. “జరిగితే మీకు తెలియదు, జరగకపోతే నాకు తెలియదు” అన్నారు. ఈనాటికీ నాకు అంతకు మించి తెలియదు.

పొరుగుదేశం కథ కూడా చెప్పుకోవాలి. 2015లో పాకిస్తాన్ ఆ పెద్ద సంస్థల వ్యవస్థనే తెరవమన్నది, లేకుంటే మూసివేయమన్నది. తలుపులు బార్లా తెరవడంకన్నా దేశం విడిచిపోవడమే మేలని కంపెనీ ప్రకటించింది. సంవత్సరం చివరి రోజున, పాకిస్తాన్ తన కోరికను ఉపసంహరించుకున్నదని చెప్పి అక్కడే ఉండిపోయింది. రెండు దేశాలూ అన్నింటా పేచీపడుతున్నా, పౌరుల ఉత్తరాలు చదవాలన్న ఉత్సాహంలో మాత్రం ఏకాభిప్రాయం కనబరచడం గమనార్హం. 2024 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టులో వాట్సాప్ తరఫు న్యాయవాది కూడా ఇంచుమించు ఆ మాటే అన్నారు: గూఢలిపిని బద్దలు కొట్టమంటే వెళ్లిపోతామని. మన గోప్యతకు పూచీగా నిలిచేది పార్లమెంటు కాదు, పరదేశపు వ్యాపార సంస్థల పట్టుదల అన్నమాట!

2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పారు. నాలుగేళ్లు తిరగకుండానే పెగాసస్ వ్యవహారం పార్లమెంటు వర్షాకాల సమావేశాలను ముంచివేసింది. మన తెలుగువారైన ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ ధర్మాసనం కమిటీని నియమించింది. ఇరవై తొమ్మిది ఫోన్లు పరిశీలించి, అయిదింటిలో ఏదో దుష్ట సాఫ్ట్‌వేరు కనిపించిందనీ, అది పెగాసస్ అని తేల్చలేమనీ కమిటీ చెప్పింది. ప్రభుత్వం తనకు సహకరించలేదనీ చెప్పింది. కొత్త రకం గూఢచారికి తాళంచెవితో పనిలేదు. తాళం వేయకముందే గదిలో కూర్చుంటాడు.

ఇక 2023 డిసెంబరులో కొత్త టెలికమ్యూనికేషన్ల బిల్లు ఉభయసభలలోనూ రెండు రోజులలో గట్టెక్కింది. ఆ సమావేశాలలో సస్పెండయిన ప్రతిపక్ష సభ్యులు 146 మంది. ఖాళీ బెంచీల ముందు బిల్లు నడిచింది. అడ్డగించిన సందేశాన్ని ‘అర్థమయ్యే రూపంలో’ అప్పగించాలని అది అంటున్నది. విలేకరుల సందేశాలకు పాత మినహాయింపును ఉంచింది, సంతోషమే. 69వ సెక్షను మాత్రం తన చోట తాను యథాతథంగా ఉన్నది. ఈ పర్యాయం నేను రెండు వాక్యాలతో సరిపెట్టలేదు. మూడు కాలమ్‌లు రాశాను. రాసింది తెలుగు చక్కగా వచ్చిన కొత్త ఫోనుమీద, తెలుగు లిపిలోనే. గదికీ గడికీ తేడా తెలిసిన ఫోను అది.

ఆ అధికారి పదవీ విరమణ చేసి కొన్నేళ్లయింది. అప్పుడప్పుడు ఫోను చేస్తారు. ఆరోగ్యం, పిల్లల పెళ్లిళ్లు, ఢిల్లీ గాలి. మాట ఏ మాత్రం పాత మంత్రిత్వశాఖవైపు మళ్లినా ఒక్క క్షణం ఆగి, “మీరు భోజనానికి ఎప్పుడు వస్తారు?” అంటారు.